అణువులు తమంతట తామే వరస కడితే
బొగ్గు నుంచి వెలుగు దాకా – 9వ భాగం

మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్ స్టేషన్ జంక్షన్ అయింది బొగ్గు పుణ్యమే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కులు దక్కాయి. ఇల్లెందు బాయిల నుంచి బొగ్గును బయటికి తేవాలి కాబట్టి నిజాం రైలు మార్గం నుంచి డోర్నకల్ దగ్గర ఒక పాయ చీల్చి అడవిలోకి పట్టాలు పరిచారు. ఆ పట్టాల మీద వచ్చిన బొగ్గంతా దాదాపు ఒకే పనికి పోయింది: కాలడానికి.

అప్పటికే జర్మనీలో బొగ్గుకు ఇంకో బతుకు మొదలై 18 ఏళ్లయింది. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తారులోని ఆంత్రసీన్ నుంచి అలిజరిన్ అనే ఎర్ర రంగు చేశారు. మచిలీపట్నం అద్దకంవాళ్లు తరతరాలుగా చిరివేరు నుంచి తీస్తూ వచ్చిన ఎరుపులో ఉన్నదీ ఆ అలిజరినే. ఆ చౌక రంగు మన తీరం అద్దకాన్ని ఎట్లా కుదేలు చేసిందో పోయిన భాగంలో చూశాం. ఈ భాగంలో అదే తారు రంగును వదిలి వెలుగు వైపు ఎట్లా మళ్లిందో చూద్దాం.

గాలి తగలకుండా బొగ్గును బాగా కాలిస్తే మూడు వస్తాయి: గట్టి కోక్, మండే గ్యాస్, నల్లటి తారు. గ్యాస్ యూరప్ వీధి దీపాలకు పోయింది, కోక్ ఉక్కు కొలుములకు పోయింది. తారును ఎక్కడ పారబోయాలో తెలియక తలపట్టుకున్నారు. ఆ పారబోతలోనే 1832లో పారిస్‌లో డ్యూమా, లోరాన్ ఆంత్రసీన్‌ను పట్టుకున్నారు. 1834లో బెర్లిన్ దగ్గర రుంగె అనే ఆయన క్వినోలిన్‌ను, అనిలిన్‌ను వేరుచేశాడు. 1872లో కార్బజోల్ బయటపడింది. ఈ నాలుగు పేర్లూ గుర్తుంచుకోండి. ఇవాళ చేతిలో పట్టుకుని చూస్తున్న ఫోన్ తెర వెనక ఉన్నవి వీటి వారసులే. ఫ్యాక్టరీలో వాటిని పెట్రోలియం నుంచి చేసినా సరే, వంశం మాత్రం తారుదే.

ఆంత్రసీన్ స్ఫటికం మీద అతినీలలోహిత కాంతి పడితే అది నీలంగా వెలుగుతుంది. కాంతికి కాంతితో జవాబిచ్చే పదార్థాలు చాలానే ఉన్నాయి. కరెంటుకు కాంతితో జవాబిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. 1963లో న్యూయార్క్ యూనివర్సిటీలో మార్టిన్ పోప్ బృందం ఇస్తుందని చూపింది. పలుచని ఆంత్రసీన్ స్ఫటికానికి ఎలక్ట్రోడ్లు తగిలించి దాదాపు 400 వోల్టులు ఇస్తే వెలుగు వచ్చింది. మన ఇంటి సాకెట్‌లో ఉండేది 230. ఒక్క మినుకు కోసం 400 వోల్టులు పోయడమంటే దీపంగా అది పనికిరాని సరుకే. రెండేళ్లకు కెనడాలో హెల్‌ఫ్రిక్, ష్నైడర్ ఒక మెట్టు ఎక్కారు. ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండో వైపు నుంచి రంధ్రాలు, అంటే ఎలక్ట్రాన్ ఖాళీలు, రెండూ సమంగా లోపలికి పంపితేనే వెలుగు గట్టిగా వస్తుందని తేల్చారు. ఆ హెల్‌ఫ్రికే 1970లో ఇంకొకరితో కలిసి ఎల్‌సీడీ తెరకు మూలమైన పద్ధతి కనిపెట్టాడు. ఎల్‌సీడీకీ, దాన్ని తర్వాత ఫోన్లలో పక్కకు నెట్టిన ఓలెడ్‌కీ (కర్బన అణువులు కరెంటుతో వెలిగే తెరకీ) పునాదుల్లో ఒకే మనిషి చెయ్యి ఉండటం సాంకేతిక చరిత్రలో అరుదు.

పోప్ ప్రయోగం చేసేనాటికి హైదరాబాద్‌లో బొగ్గును రసాయనంగా చూసిన చోటు ఒకటి ఉండేది. ఆ సంగతి మన దగ్గర ఎవరూ పెద్దగా తలుచుకోరు, అదే నాకు బాధ. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధనశాల 1956లో సీఎస్ఐఆర్ చేతికి వచ్చి రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ అయింది. ఇవాళ తార్నాకలో ఐఐసీటీగా మనకు తెలిసింది అదే. 1948 నుంచి 1962 దాకా దానికి డైరెక్టర్‌గా ఉన్న సయ్యద్ హుసేన్ జహీర్ సింగరేణి బొగ్గు మీద పట్టుగా పనిచేయించాడు. సింగరేణి బొగ్గు కోక్ కట్టదు, అందుకే ఉక్కు కొలిమికి నేరుగా పనికిరాదు. దాన్ని తక్కువ వేడిలో, 600 డిగ్రీల చుట్టుపక్కల మగ్గబెట్టి, పొగరాని ఇంధనం తీసి, వెంట వచ్చే తారును రసాయనాలకు వాడాలన్నది ఆలోచన. నిజాయితీగా చెప్పాలంటే తక్కువ వేడి తారులో ఫీనాళ్లు ఎక్కువ. ఆంత్రసీన్ పుష్కలంగా దొరికేది వెయ్యి డిగ్రీలకు కాలిన కోక్ బట్టీ తారులో. కాబట్టి తార్నాక తారు నుంచి ఓలెడ్ పుట్టేదని నేను అనను. కానీ బొగ్గును పొయ్యికి మాత్రమే అప్పగించకూడదన్న పట్టుదల అక్కడ ఉండింది. అది కొనసాగి ఉంటే మన బొగ్గు ఊళ్ల పక్కన బూడిద గుట్టలతోపాటు రసాయన శాలలూ లేచేవేమో.

ఇక అసలు మలుపు. అమెరికాలోని రోచెస్టర్‌లో ఫొటో ఫిల్ములు చేసే కోడాక్ కంపెనీలో హాంకాంగ్‌లో పుట్టిన చింగ్ టాంగ్ 1975లో చేరాడు. మొదట్లో ఆయన పని కర్బన అణువులతో సౌర ఘటాలు చేయడం. ఒకే పొరతో కాకుండా రెండు వేర్వేరు పొరలను ఒకదాని మీద ఒకటి పరిస్తే సామర్థ్యం పెరుగుతుందని 1986లో చూపాడు. అదే కిటుకును తిరగేశాడు: వెలుగిస్తే కరెంటు వచ్చినప్పుడు, కరెంటిస్తే వెలుగు ఎందుకు రాకూడదు? స్టీవెన్ వాన్‌స్లైక్‌తో కలిసి 1987లో ప్రకటించిన పరికరం ఇట్లా ఉంటుంది. అడుగున గాజు. దాని మీద ఇండియం టిన్ ఆక్సైడ్ పూత; దాని గుండా కాంతి దూరుతుంది, కరెంటూ పారుతుంది. దాని మీద 75 నానోమీటర్ల డయమీన్ పొర, ఇది అనిలిన్ వంశం. దాని మీద 60 నానోమీటర్ల ఏఎల్‌క్యూ3 పొర, అంటే ఒక అల్యూమినియం పరమాణువును చుట్టి పట్టుకున్న మూడు క్వినోలిన్ వంశపు అణువులు. పైన మెగ్నీషియం, వెండి కలిపిన లోహం. రెండు పొరలూ కలిపి 135 నానోమీటర్లు. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు, లెక్క మీరే వేసుకోండి. పది వోల్టుల లోపే ఆకుపచ్చని వెలుగు వచ్చింది. లోపలికి పంపిన ప్రతి నూరు ఎలక్ట్రాన్లకు ఒక్క కాంతి కణం బయటపడింది. ఇప్పుడు చూస్తే ఒక్క శాతమేనా అనిపిస్తుంది. అప్పటికి అదే పెద్ద గెలుపు.

రుంగె వేరుచేసిన రెండు పదార్థాల వారసులు 153 ఏళ్ల తర్వాత ఒకే గాజు పలక మీద కలుసుకున్నారు. డయమీన్ పొర రంధ్రాలను మోస్తుంది, ఏఎల్‌క్యూ3 పొర ఎలక్ట్రాన్లను మోస్తుంది. రెండూ సరిహద్దు దగ్గర ఎదురుపడి, జతకూడి, వెలుగై బయటికి వస్తాయి.

ఇదంతా చదివి బొగ్గుబాయిలో కార్మికుడి నెత్తిన ఉండే కేప్ ల్యాంప్ కూడా ఇదేనా అని అడిగేవారుంటారు. అది ఎల్ఈడీ, గాలియం లాంటి మూలకాల స్ఫటికం. ఒక చుక్కలోంచి పదునుగా వెలుగు కొడుతుంది, బాయి చీకటికి అదే కావాలి. ఓలెడ్‌లో స్ఫటికం లేదు. కర్బన అణువుల పలుచని పొర మొత్తం మెత్తగా వెలుగుతుంది. అందుకే అది తెరలకు కుదిరింది.

ఇప్పుడు ఈ భాగానికి గుండెకాయ లాంటి చిక్కు. కర్బన అణువుల మధ్య కరెంటు తీగలో పారినట్టు పారదు. ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి పక్క అణువు మీదికి దూకుతూ పోవాలి. పక్క అణువు దగ్గరగా, ముఖాముఖిగా ఉంటే దూకడం తేలిక. అడ్డదిడ్డంగా ఉంటే దారిలోనే చిక్కుకుంటుంది. అంటే అణువులు వరసలో ఉండటమే మేలనిపిస్తుంది. కానీ వెలిగే అణువులు మరీ ఒత్తుగా చేరితే ఒకదాని శక్తిని ఒకటి మింగి, వెలుగు చచ్చిపోతుంది. పొర స్ఫటికంగా గడ్డకడితే స్ఫటికాల సందుల్లోంచి కరెంటు దారి తప్పుతుంది. నడకకు వరస కావాలి, వెలుగుకు ఎడం కావాలి. ఓలెడ్ చరిత్రలో సగం ఈ రెండింటికీ రాజీ కుదర్చడమే.

అణువులు ఎందుకు ఒక రకంగానే పేరుకుంటాయన్న ప్రశ్న మీద ప్రపంచం తలతిప్పి చూసిన పని హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 2009 దాకా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నారు. ఇటలీకి చెందిన గవెజోత్తితో కలిసి 1989 ప్రాంతంలో ఆయన నాఫ్తలీన్, ఆంత్రసీన్ లాంటి తారు అణువుల స్ఫటికాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. అణువు అంచుల్లో హైడ్రోజన్ ఎంత, మధ్యలో కర్బనం ఎంత అన్న నిష్పత్తిని బట్టి అవి నాలుగు తీరుల్లో పేరుకుంటాయని తేల్చారు. ఆంత్రసీన్‌ది చేపముల్లు తీరు: ఒక అణువు ఇటు వాలితే పక్కది అటు వాలుతుంది. పోప్ 400 వోల్టులు పోసిన స్ఫటికంలో అణువులు నిలబడిన తీరు అదే. అదే 1989లో దేశిరాజు రాసిన క్రిస్టల్ ఇంజనీరింగ్ పుస్తకం వచ్చింది. 1995లో ఆయన సుప్రామాలిక్యులర్ సింథాన్ అనే ఆలోచన ముందుకు తెచ్చారు. కొన్ని రసాయన గుంపులు ఎక్కడ ఎదురుపడినా ఒకే తీరులో చేతులు కలుపుతాయి. ఆ అలవాటు తెలిస్తే ఏ అణువు ఎట్లా అల్లుకుంటుందో ముందే ఊహించి, కావలసిన స్ఫటికాన్ని కట్టుకోవచ్చు. అణువుకు అణువే తాపీమేస్త్రీ అవుతుందన్నమాట.

అదే యూనివర్సిటీలో టి.పి. రాధాకృష్ణన్ బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. ద్రావణంలో దాదాపు వెలగకుండా ఉండి, ఘనరూపంలోకి రాగానే బలంగా వెలిగే అణువులను 2004లో ప్రకటించింది. ఒత్తుగా చేరితే వెలుగు చస్తుందన్న నియమానికి ఇవి ఎదురు నిలిచాయి. కుదురుగా పట్టి ఉంచే పొరుగు దొరికితే అణువు ఊగడం మాని శక్తినంతా వెలుగుగా ఇవ్వగలదు. ఒత్తిడి ఒక్కటే శత్రువు కాదు, పేర్పు తీరులోనే అంతా ఉంది.

మరి ఆ పేర్పును మనం కోరినట్టు తెప్పించడం ఎట్లా? ఫ్యాక్టరీలో నడిచే పద్ధతి వేరు. గాలి తోడేసిన గదిలో మూసలో పొడి పెట్టి వేడి చేస్తారు. ఆవిరైన అణువులు పైకి లేచి గాజుకు అంటుకుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలకు వేర్వేరుగా సన్నటి రంధ్రాల లోహపు రేకును అడ్డం పెడతారు. ఆవిరిలో చాలా భాగం ఆ రేకుకూ గది గోడలకూ అంటుకుని వృథా అవుతుంది. ఇట్లా చల్లే బదులు, వెదజల్లిన వడ్లే వరసలు తీరి మొలిచినట్టు అణువులు తమంతట తామే కుదురుకుంటే?

ఆ ఆశకు వయసు ఎక్కువే. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1917లోనే నీటి మీద ఒక్క అణువు మందం పొరలు పరిచాడు. అణువు ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు గిట్టదు. అందుకే అన్నీ ఒకే వైపు నిలబడతాయి. 1935లో క్యాథరిన్ బ్లాడ్జెట్ ఆ పొరను గాజు మీదికి ఎత్తి, పొర మీద పొర పేర్చి చూపింది. 1980లో ఇజ్రాయెల్‌లో జాకబ్ సాగివ్ నీటి తొట్టి అవసరం లేకుండా ద్రావణంలో ముంచిన గాజుకే అణువులు నేరుగా పట్టుకుని నిలబడేలా చేశాడు. 1990ల మొదట్లో జర్మనీలో గెరో డెహర్ ఇంకా సులువు చేశాడు. ధన ఆవేశమున్న అణువుల నీళ్లలో ఒకసారి, రుణ ఆవేశమున్న వాటిలో ఒకసారి పలకను ముంచితే, ఒకదాన్నొకటి లాక్కుని పొరలు కట్టుకుంటూ పోతాయి.

డెహర్ పద్ధతిని దీపానికి తెచ్చింది ఎంఐటీలో మైకేల్ రూబ్నర్ బృందం. 1990లో కేంబ్రిడ్జ్‌లో రిచర్డ్ ఫ్రెండ్ బృందం పీపీవీ అనే పొడవాటి గొలుసు అణువు కరెంటుతో వెలుగుతుందని చూపింది. రూబ్నర్ దాన్ని నీళ్లలో ముంచి కట్టాడు. ఆ పని దగ్గరి నుంచి చూడదగింది. పీపీవీ తయారయ్యే ముందటి రూపం నీళ్లలో కరుగుతుంది, ధన ఆవేశం మోస్తుంది. ఇండియం టిన్ ఆక్సైడ్ పూసిన పలకను అందులో ముంచుతారు. ఒక పొర అంటుకోగానే అక్కడి ఆవేశం తిరగబడుతుంది, ఇక అదే ఆవేశమున్న అణువు దాని మీద వాలదు. అందుకే ఎంతసేపు ముంచినా పొర ఒక హద్దులో ఆగిపోతుంది. నీళ్లతో కడుగుతారు. రుణ ఆవేశమున్న పాలిమర్ గిన్నెలో ముంచుతారు. మళ్లీ కడుగుతారు. ఇట్లా పదుల సార్లు. చివరికి 200 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచితే ముందటి రూపం పసుపుపచ్చని పీపీవీగా మారుతుంది. పైన అల్యూమినియం పూసి కరెంటిస్తే పొర వెలుగుతుంది. యంత్రమంటూ ఉంటే గిన్నెలూ, ముంచి తీసే చేయీ. వెలగని ఆ రుణ పాలిమర్‌ను మార్చితే వెలుగు బలం కూడా మారిపోవడం ఆ బృందాన్ని ఆశ్చర్యపరిచింది. నాకూ ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది అదే: పక్కన ఊరికే నిలబడ్డట్టు కనిపించే అణువు కూడా ఊరికే లేదు.

షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో టోబిన్ మార్క్స్ బృందం ఇంకా చిన్న చోట కన్నేసింది. పరికరం మొత్తం తనంతట తానే కట్టుకునేలా చేసే బదులు గాజుకూ మొదటి పొరకూ మధ్య సరిహద్దును మాత్రం సరిచేద్దామనుకుంది. ఇండియం టిన్ ఆక్సైడ్ నీటిని ఇష్టపడే ఉపరితలం, దాని మీది డయమీన్ అణువులకు నీరు గిట్టదు. అందుకే పరికరం వేడెక్కితే ఆ పొర ముడుచుకుని గడ్డలు కడుతుంది. మార్క్స్ బృందం అదే రకం అణువులకు సిలికాన్ కొక్కేలు తగిలించింది. అవి ఒక వైపు ఆక్సైడ్‌ను పట్టుకుంటాయి, పక్కకు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నానోమీటర్లలో కొలిచే ఈ పట్టు వల్ల రంధ్రాలు తేలిగ్గా లోపలికి దిగుతాయి, పై పొర జారిపోకుండా నిలుస్తుంది. అణువులు తమంతట తామే కుదురుకునే ఈ స్వయంకూర్పు ఓలెడ్‌కు అన్నిటికన్నా గట్టిగా పనికొచ్చింది ఈ సరిహద్దు దగ్గరేనని నా నమ్మకం.

ముంచి కట్టిన దీపాలు మార్కెట్‌ను గెలవలేదు. ఇరికిన నీరు, మిగిలిపోయిన ఆవేశ కణాలు పరికరం ఆయుష్షు తింటాయి. ఓలెడ్‌కు తేమ బద్ధ శత్రువు, ఒక్క సూది మొనంత సందు దొరికినా నల్ల మచ్చలు పుడతాయి. 1997లో జపాన్‌లో పయనీర్ కారు స్టీరియోలో వచ్చిన తొలి ఓలెడ్ తెర నుంచి, 2007లో సోనీ అమ్మిన 11 అంగుళాల టీవీ మీదుగా, నేటి ఫోన్ల దాకా పెత్తనం వాక్యూమ్ గదిదే. కానీ ఆ గదిలో కూడా అణువులు చెప్పిన మాటే వినాల్సి వచ్చింది. 2000ల చివర్లో డైసుకె యొకొయామా జపాన్‌లో ఒక సంగతి నిరూపించాడు. పొడవుగా, సన్నగా ఉన్న అణువులు ఆవిరి నుంచి దిగాక, పైన ఇంకో అణువు పడేలోగా దొరికిన ఆ కాస్త కదలికలో తమంతట తాము నేలబారుగా పడుకుంటాయి. పడుకున్న అణువు వెలుగు నేరుగా బయటికి వస్తుంది, నిలువుగా ఉన్నదాని వెలుగు గాజులోనే ఇరుక్కుంటుంది. మామూలు ఓలెడ్‌లో పుట్టిన కాంతిలో ఐదో వంతు మాత్రమే బయటపడుతుందంటే ఈ పడక ఎంత విలువైందో అర్థమవుతుంది. ఎవరూ ముంచలేదు, ఎవరూ కడగలేదు. అణువు ఆకారమే పని చేసింది.

మన దగ్గరికి వద్దాం. భూపాలపల్లిలో కేటీకే గనుల బొగ్గు, పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం. 2010లో 500 మెగావాట్లు, 2016లో ఇంకో 600. బొగ్గును బాయి పక్కనే కాల్చి, తీగల మీద కరెంటు పంపడం లెక్కగా సరైనదే. కానీ 1886 నుంచి నేటి దాకా ఈ నేల బొగ్గుతో మనకు తెలిసిన చుట్టరికం అదొక్కటే అయిపోయింది. మరోవైపు 2022 జూన్‌లో రాజేష్ ఎక్స్‌పోర్ట్స్ అనుబంధ సంస్థ ఎలెస్ట్‌తో 24,000 కోట్ల రూపాయల అమోలెడ్ (ఒక రకం ఓలెడ్) తెరల ఫ్యాక్టరీకి తెలంగాణ ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకుంది. తెరల ఫ్యాక్టరీ వేల కోట్ల పని, యంత్రాలు బయటి దేశాలవే అవుతాయి. అణువును రూపొందించడానికి అంత పెట్టుబడి అక్కర్లేదు. దానికి కావాల్సినవి బుర్ర, గాజు సామాను, ఓపిక. తార్నాకలో ఓలెడ్ పదార్థాల మీద పని జరిగింది, గచ్చిబౌలిలో పేర్పు విద్య ఉంది, హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీల్లో సంక్లిష్ట అణువులను శుద్ధిగా చేసే చేతులు వేలల్లో ఉన్నాయి. ఓలెడ్ పదార్థానికి కావలసింది కూడా ఆ స్థాయి శుద్ధే. వరంగల్‌లో, మానుకోటలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికే పరిమితమవుతున్న పిల్లలకు ఈ దారి ఒకటుందని ఎవరైనా చెప్పాలి.

చేయాల్సిన పని కూడా మిగిలే ఉంది, అది నీలం. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు 1998లో ఫారెస్ట్, థాంప్సన్ బృందాలు తెచ్చిన ఫాస్ఫరెసెన్స్ పద్ధతికి మారి చాలా కాలమైంది. అంతకుముందు ఎలక్ట్రాన్, రంధ్రం కలిసిన జతల్లో నూటికి 25 మాత్రమే వెలుగిచ్చేవి, మిగతా 75 వేడిగా పోయేవి. ప్లాటినం, ఇరీడియం లాంటి బరువు లోహాలతో ఆ 75ను కూడా రాబట్టారు. నీలానికి అది అంత తేలిగ్గా కుదరలేదు. నీలి కాంతికి శక్తి ఎక్కువ, ఆ శక్తే తనను పుట్టించిన అణువు బంధాలను తెంపుతుంది. అందుకని తెరల కంపెనీలు ఎక్కువగా పాత పద్ధతినే నమ్ముకున్నాయి. 2002లో కోడాక్‌లో జియాన్‌మిన్ షీ, చింగ్ టాంగ్ కలిసి ఎక్కువ కాలం మన్నే నీలి పొరకు ఒక అణువును ప్రకటించారు. దాని నడుమున ఉన్నది ఆంత్రసీనే. రెండు పక్కలా నాఫ్తలీన్ ముక్కలు తగిలించారు. ఆ ముక్కలు అడ్డంగా తిరిగి ఉండటంతో అణువులు చేపముల్లు వరసలో గడ్డకట్టకుండా ఎడంగా నిలుస్తాయి. ఈనాటికీ నీలి చుక్కలకు ఆధారమిచ్చే పదార్థాల్లో ఆంత్రసీన్ సంతతిదే పెద్ద వాటా.

వచ్చే భాగంలో: నీలం ఎందుకంత మొండికేసింది, 2012లో జపాన్‌లో చిహాయా అడాచీ బరువు లోహం లేకుండానే ఆ 75 జతలను ఎట్లా వెనక్కి రప్పించాడు.